శెహాతా పోయాడని శెహాతాయే చెప్పాడు

మా ఆయన బతికుండగానే నన్ను ఒకసారి పరామర్శించారు. ఆ పరామర్శకు కారకుడు కూడా మా ఆయనే. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు గానీ, శెహాతాతో కాపురం చేసిన నాకు మాత్రం అందులో పెద్ద వింతేమీ కనిపించలేదు.

మా ఆయన అనుమానం మనిషి. నన్ను ఒక్కనాడూ శంకించలేదు, ఆ మాట చెప్పుకోవాలి. మిగతా ప్రపంచాన్ని మాత్రం దేన్నీ వదల్లేదు. పుచ్చకాయని, పుచ్చకాయ అమ్మేవాణ్ణి, ఆ కాయ బాగుందని పక్కనుంచి చెప్పినవాణ్ణి, ముగ్గురినీ విడివిడిగా అనుమానిస్తాడు. చేపల బజారులో మొప్పలు ఎత్తి చూస్తాడు, డొక్క నొక్కి చూస్తాడు, వాసన చూస్తాడు, ఆఖరికి ఆ చేపని వదిలేసి దాని పక్క చేపని కొంటాడు. తను దేన్ని ఎంచుకుంటాడో అమ్మేవాడు ముందే ఊహించి ఉంటాడని ఆయన భయం. ఒక డాక్టరు మాత్ర రాసిస్తే దాన్ని ఇంకో డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళి, జబ్బు సంగతి చెప్పకుండా, "ఇది దేనికి వాడతారండీ?" అని అడుగుతాడు. దమియెత్తా వెళ్తూ ఇస్మాయిలియా వెళ్తున్నానని చెబుతాడు. ఎందుకయ్యా అంటే, "ఎందుకైనా మంచిది" అంటాడు.

ఇంటికి ఎవరైనా వచ్చి శెహాతా ఉన్నాడా అని అడిగితే ఏం చెప్పాలో పెళ్ళైన కొత్తలోనే నాకు నేర్పాడు. బాగా తెలిసినవాడైతే నమాజుకు వెళ్ళాడనాలి. అంతంతమాత్రం తెలిసినవాడైతే సూయెజ్ వెళ్ళాడనాలి. బొత్తిగా తెలియనివాడు, అందులోనూ ఇస్త్రీ బట్టలు వేసుకున్నవాడైతే, పోయాడనాలి.

"ఎక్కడికి పోయాడని అడిగితే?" అన్నాను.

"అలా అడగలేనట్టు ముఖం పెట్టి చెప్పు" అన్నాడు.

ఆ మూడో మాట నేను ఒక్కనాడూ అనలేదు. కట్టుకున్నవాణ్ణి నోటితో చంపుకుంటానా? మరీ అవసరమైతే అలెగ్జాండ్రియా దాకా పంపించేదాన్ని, అంతకు మించి పంపలేదు.

నిజానికి ఈ దాగుడుమూతలు ఆయనకి పుట్టుకతోనే వచ్చాయి. మా అత్త సనియ్యాకి మొదటి బిడ్డలిద్దరూ పురిట్లోనే పోయారు. కన్ను కుట్టిందన్నారు. మూడోవాడు పుట్టగానే ఆమె ముసుగేసుకుని ఇరుగుపొరుగు గడపలన్నీ తిరిగి బిచ్చమెత్తింది. ఆ చిల్లరతో చిన్న వెండి పోగు చేయించి పిల్లాడి కుడిచెవికి పెట్టింది. ఆడపిల్ల గౌను తొడిగింది. శెహాతా అని పేరు పెట్టింది. శెహాతా అంటే బిచ్చం. మృత్యువు వచ్చి తొంగిచూస్తే, ఇదెవరో బిచ్చగత్తె పిల్ల, మనం వెతికేవాడు కాదు అనుకుని వెళ్ళిపోవాలని ఆమె ఎత్తు. చావుకే దొంగపేరు చెప్పి బతికినవాడు ఊళ్ళోవాళ్ళకి నిజం చెబుతాడా? పెద్దయ్యాక గౌను వదిలాడు గానీ పోగు వదల్లేదు. యాభై దాటినా చెవినే ఉంది. స్నానానికి తీయడు, మెరుగు పెడతానంటే కంసాలికి ఇవ్వడు. "అది పోగు కాదే ఇన్‌షిరాహ్, తలుపు గడియ" అనేవాడు నాతో.

వాళ్ళ ఇంట్లో తాతల నాటి నుంచీ అందరూ బంబూటీలే. పోర్ట్ సయీద్‌లో ఓడ ఆగగానే దాని పక్కకి పడవ వేసుకెళ్ళి, తాడు పైకి విసిరి, బుట్టలో సరుకు పంపి బేరం చేసేవాళ్ళని బంబూటీలంటారు. తోలు దిండ్లు, ఇత్తడి పళ్ళాలు, గుడ్డ ఒంటెలు అమ్మేవాళ్ళు. పైన రైలింగు పట్టుకుని ప్రయాణికుడు, కింద పడవలో బంబూటీ, మధ్యలో బుట్ట. ఎవరు ముందు పెట్టాలి? పైవాడు ముందు డబ్బు పెడితే కిందవాడు పడవ తిప్పుకుని పోవచ్చు. కిందవాడు ముందు సరుకు పెడితే పైవాడు గదిలోకి వెళ్ళి తలుపేసుకోవచ్చు. మా మామది ఒకటే మాట: "ముందు పైనుంచి రావాలి, తర్వాతే కిందనుంచి వెళ్ళాలి." కొడుకులిద్దరికీ నడక కంటే ముందు ఇదే నేర్పాడు.

కొడుకులిద్దరు అన్నాను కదా. రెండోవాడు మెత్వల్లీ. ఆ పేరు మా ఇంట్లో ఎత్తకూడదు.

మా ఊరిని సుంకాల్లేని ఊరు చేసిన కొత్తలో విదేశీ గుడ్డ ఇక్కడ చవక, పొలిమేర దాటిస్తూ దొరికితే జైలు. అన్నదమ్ములిద్దరూ సిల్కు తానులు కొని, మా మామ పడవలో అడుగు చెక్కల కింద దాచారు. ఏ చెక్క కిందో వాళ్ళిద్దరికీ తప్ప నాక్కూడా తెలియదు. మర్నాడు పొద్దున్నే కస్టమ్స్ లాంచీ వచ్చి, చుట్టుపక్కల ఏ పడవనీ ముట్టుకోకుండా, తిన్నగా ఆ చెక్కనే ఊడదీసింది. సరుకు పోయింది, పడవ పోయింది. "నువ్వే చెప్పావు" అన్నాడు అన్న. "నువ్వే చెప్పి నా మీదికి నెడుతున్నావు" అన్నాడు తమ్ముడు. శెహాతా కొన్నాళ్ళు లోపల ఉండి వచ్చేసరికి, మెత్వల్లీ ఒక గ్రీకు ఓడలో గిన్నెలు కడిగే పనికి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఉత్తరం లేదు, కబురు లేదు. మా ఆయనకి ఆ పారిపోవడమే సాక్ష్యం. తోడబుట్టినవాణ్ణే నమ్మలేనప్పుడు పుచ్చకాయల వాడిని ఏం నమ్ముతాడు? అయితే ఒక సంగతి నేను గమనించాను. రేవుకి గ్రీకు ఓడ ఏది వచ్చినా సరే, సరుకమ్మే వంకతో పడవని వంటగది కిటికీల వైపు ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు. ఎందుకటు అంటే, "అటు నీడ" అనేవాడు. మిట్టమధ్యాహ్నం కూడా అదే మాట.

ఇరవై ఏళ్ళు గడిచాయి. ఓడలు మారిపోయాయి. ఇప్పుడొచ్చేవి మధ్యధరా ఒడ్డునున్న పాత రేవులన్నీ తిప్పి చూపించే డబ్బున్నవాళ్ళ ఓడలు. అవి తిన్నగా గట్టుకే వచ్చి ఆగుతాయి, తాడుతో బుట్టతో పని లేదు. జనం దిగుతారు, బస్సులెక్కి పిరమిడ్ల దగ్గరికి పోతారు, తిరిగొచ్చి మళ్ళీ ఓడెక్కుతారు. సంచులు పొట్టకి అదుముకుని మరీ దిగుతారు. కిందవాళ్ళని నమ్మొద్దని ఓడలోనే మైకులో చెబుతారట. "చెప్పనీ, మంచి సలహాయేగా" అనేవాడు శెహాతా. పాత అలవాటు కొద్దీ చిన్న పడవొకటి ఉంచుకున్నాడు గానీ, సరుకు మాత్రం రేవు గేటు బయట హసనైన్ కాఫీ కొట్టు ముందు గుడ్డ పరిచి పెట్టుకునేవాడు.

ఆ రోజు తెల్లటి ఓడొకటి వచ్చింది. జనమంతా బస్సులెక్కారు. ఒక అమ్మాయి మాత్రం ఎక్కకుండా తిన్నగా కాఫీ కొట్టు వైపు నడిచి వచ్చింది. ఇస్త్రీ చేసిన నీలం గౌను. మెడలో కెమెరా లేదు. కెమెరా లేని టూరిస్టును చూడగానే మా ఆయనకి ఒళ్ళు జలదరించిందట. ఈ భాగం నాకు తర్వాత హసనైన్ చెప్పాడు, కాబట్టి సగం తగ్గించి చెబుతున్నాను.

"ఇక్కడ శెహాతా అనే బంబూటీ ఎక్కడుంటారండీ? చెవికి పోగుంటుందట" అంది వచ్చీరాని అరబ్బీలో.

మా ఆయన ఉన్నిటోపీ మెల్లగా చెవుల మీదికి లాక్కున్నాడు. "ఎవరమ్మా అడుగుతున్నది?"

"తెలిసినవాళ్ళు."

"ఏం పని?"

"అది ఆయనతోనే చెప్పాలి."

ఇంక చాలు. "శెహాతా పోయాడమ్మా" అన్నాడు శెహాతా.

"ఎక్కడికి?"

మా ఆయన ఆకాశం వైపు చూశాడు. కాఫీ పళ్ళెంతో వెనకాల నిలబడ్డ హసనైన్, నవ్వు మింగుకుని, "దేవుడు చల్లగా చూడాలి, చాలా మంచివాడు" అన్నాడు. "మరీ అంత మంచివాడేం కాదు" అన్నాడట మా ఆయన. ఎక్కువ పొగిడితే నమ్మదేమోనని.

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాళ్ళ ఇల్లెక్కడ? పరామర్శించి వెళ్తాను" అంది. మా ఆయన చేత్తో వద్దు వద్దని సైగ చేస్తూనే ఉన్నాడు. హసనైన్ చూడనట్టు నటించి, వీధి పేరు, మేడ గుర్తు, మెట్ల పక్క గుమ్మం, అన్నీ చెప్పేశాడు. తర్వాత అడిగితే, "చావు పరామర్శకి వెళ్తానన్నవాళ్ళకి ఇల్లు చూపించకపోతే పాపం కదా వదినా" అన్నాడు, వెధవ.

నేను ఇంట్లో బూరీ చేపలు కడుగుతున్నాను. తలుపు తట్టారు. తీస్తే ఎవరో పిల్ల, నెత్తిన నల్ల రుమాలు. దారిలో కొనుక్కుని కట్టుకుందట పాపం, ధర కాగితం ఇంకా వేలాడుతూనే ఉంది. నా తడి చెయ్యి పట్టుకుని, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు, "ఆయన మిగిల్చిన ఆయుష్షు మీకు రావాలి" అంది. ఆ మాట మేము చావు జరిగిన ఇంట్లో తప్ప అనం.

నా చేతిలో చేప జారిపోయింది. "ఎవరి ఆయుష్షు?"

"మీ ఆయనది."

"మా ఆయన ఆయుష్షు ఆయన దగ్గరే ఉండాలి, నాకెందుకు! పొద్దున్నే ఉడికించిన ఫూల్ గింజలు గిన్నెడు తిని వెళ్ళాడు కదే! ఏమైంది? లారీ కొట్టిందా? నీళ్ళలో పడ్డాడా?" అని గుమ్మంలోనే కూలబడ్డాను. పిల్ల హడలిపోయింది.

"నాకు తెలియదు! రేవు దగ్గర ఒకాయన చెప్పారు!"

"ఎవరాయన? ఎలా ఉన్నాడు?"

"పచ్చ చొక్కా. ఎండలో ఉన్నిటోపీ. ముందు పన్ను ఒకటి లేదు."

నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. "ఆ పన్ను లేనాయనే మా ఆయన" అన్నాను.

పిల్లని లోపల కూర్చోబెట్టి కాఫీ పెట్టాను. చక్కెర వేయబోతే గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. "చావింట్లో చక్కెర వేసుకోకూడదని నాన్న చెప్పాడు."

"ఇంకా ఎవరూ చావలేదమ్మా. సాయంత్రం ఇంటికొచ్చాక నా చేతుల్లో చస్తాడు, అప్పుడు చక్కెర లేకుండా ఇస్తాను."

అయినా వేసుకోలేదు. చప్పటి కాఫీయే తాగింది, గిన్నె అంచు మీంచి నన్నే చూస్తూ. భర్త పోయిన దుఃఖంలో మతి తప్పిందేమోనని ఆ పిల్ల అనుమానం. అలా కళ్ళు చికిలించి చూస్తుంటే ఎక్కడో చూసిన చూపులా అనిపించింది.

"నీ పేరేమిటమ్మా?"

"సనియ్యా."

మా అత్త పేరు. అప్పుడు ముక్కు చూశాను. ముక్కూ మా అత్తదే. "మెత్వల్లీ కూతురివా?" అన్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పేరు మా ఇంట్లో పలికింది నేనే. పిల్ల రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఏడుపు అయ్యాక చెప్పింది. నాన్నకి పిరేయస్ రేవులో చేపల హోటలు ఉంది. అమ్మ అక్కడి మనిషే, పోయినేడు పోయింది. ఆవిడ పోయాక నాన్న ఉన్నట్టుండి ఈ ఓడకి రెండు టిక్కెట్లు కొన్నాడు. కానీ వెనిస్‌లో దిగలేదు, క్రీట్‌లో దిగలేదు, కోటలు చూడలేదు, చర్చిలు చూడలేదు. పడక కుర్చీలో కూర్చుని, వడ్డించేవాళ్ళు గ్లాసులు సరిగ్గా కడిగారో లేదో చూసేవాడట.

"విమానం ఎక్కి తిన్నగా ఇంటికే రావచ్చు కదమ్మా!"

"ఓడలో అయితే ఊరికి వచ్చినట్టూ ఉంటుంది, రానట్టూ ఉంటుందన్నాడు. అన్నయ్య బతికున్నాడో లేదో చూసి రా, బతికుంటే ముఖమెలా ఉందో చూసి రా, నా పేరు మాత్రం ఎత్తకు, పట్టించేస్తాడు అన్నాడు."

"ఇరవై ఏళ్ళ నాటి తానుల కోసమా!"

"కస్టమ్స్ వాళ్ళు ఏదీ మర్చిపోరట పెద్దమ్మా."

ఒక్క తల్లి పిల్లలే, ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. "నువ్వు పరిగెత్తి మీ నాన్నని గేటు దాకా తీసుకురా. నేను మా చచ్చినాయన్ని తీసుకొస్తాను" అన్నాను. టిక్కెట్టు లేనివాళ్ళని గేటు లోపలికి రానివ్వరు. బస్సులు తిరిగొచ్చాయంటే ఓడ కదులుతుంది. రేపు అలెగ్జాండ్రియా, అక్కడినుంచి మళ్ళీ ఆవలి ఒడ్డు. ఈ పూట దాటితే ఆ ఇద్దరూ ఇంక ఈ జన్మలో కలవరని నాకు గట్టిగా అనిపించింది.

కాఫీ కొట్టు ముందు మా ఆయన తాపీగా ఇత్తడి పళ్ళెం తుడుస్తున్నాడు. "ఏవయ్యా, గొయ్యి ఎక్కడ తవ్వించమంటావు నీకు?" అన్నాను. సంగతి చెప్పాను. పళ్ళెం కింద పెట్టేశాడు. చెయ్యి టోపీ కిందికి, చెవి దగ్గరికి పోయింది.

"నా నోటితో నేనే అన్నానే" అన్నాడు నెమ్మదిగా. "మా అమ్మ గడప గడపా తిరిగి దాచిపెట్టింది నన్ను. నేను నడిబజారులో అరిచి చెప్పాను."

అంత భయంలోనూ మరుక్షణం అనుమానం లేచింది. "ఆ పిల్ల వాడి కూతురేనని ఏమిటి నమ్మకం? కస్టమ్స్‌లో ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు."

"ముక్కు మీ అమ్మది!"

"ముక్కులెక్కడైనా ఉంటాయి."

గేటు ఊచలకి అవతల పిల్ల కనిపించింది. ఒక్కతే ఉంది. నీరసంగా ఉంది ముఖం. "నాన్న నమ్మడం లేదు పెద్దమ్మా. పొద్దున చచ్చాడన్నవాళ్ళు, నువ్వు ఏడ్చావు కాబట్టి మధ్యాహ్నానికి బతికించారు. బంబూటీల దగ్గర ఏ పేరు కావాలంటే ఆ పేరుకి మనిషి దొరుకుతాడు, నేనూ బంబూటీనే, నాకు చెబుతావా అంటున్నాడు. ఎవడో ముసలాణ్ణి తెచ్చి నిలబెడతారు, పర్సు జాగ్రత్త అన్నాడు."

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. లేని పన్నుతో సహా నవ్వాడు. "వాడే!" అన్నాడు. "ఇది మా వాడి మాటే! ఇంకెవడూ ఇలా అనలేడు!"

ముక్కు చూపిస్తే నమ్మలేదు, పేరు చెబితే నమ్మలేదు. తమ్ముడు తనని నమ్మలేదనగానే నమ్మేశాడు. "అమ్మాయ్, నీళ్ళ వైపు రైలింగు దగ్గరికి తీసుకురా వాణ్ణి" అని అరిచి పడవ వైపు పరిగెత్తాడు. నేనూ ఎక్కాను. నేను లేకపోతే ఇద్దరూ ప్రశ్నలు వేసుకుంటూ తెల్లార్చేస్తారని నాకు తెలుసు.

దగ్గరికి వెళ్తుంటే ఓడ గోడలా లేచింది. లాంచీలోంచి పోలీసు మైకులో, పడవలు దగ్గరికి రాకూడదని అరుస్తున్నాడు. "విన్నాం బాబూ, విన్నాం" అంటూ మా ఆయన తెడ్డు వేస్తూనే ఉన్నాడు. మూడో అంతస్తు రైలింగు దగ్గర పిల్ల, పక్కన తెల్ల టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి.

"మెత్వల్లీ!"

"ఎవరది?"

"నేనురా, శెహాతాని!"

"శెహాతా పోయాడని చెప్పారుగా!"

"చెప్పింది నేనే!"

"చచ్చినవాడు చచ్చానని ఎలా చెబుతాడయ్యా? ఆ మాత్రం ఆలోచించుకుని రావద్దూ!"

"అసలు నువ్వు మెత్వల్లీవని నాకేం నమ్మకం? టోపీ తియ్యి, అద్దాలు తియ్యి!"

"నువ్వు ముందు తియ్యి టోపీ!"

ఇద్దరూ తీయలేదు. పడవ అలలకి ఊగుతోంది. "అడగండయ్యా, మీ ఇద్దరికే తెలిసిందేదైనా అడుక్కుని చావండి!" అన్నాను.

పెద్దమనిషి రైలింగు మీంచి కిందికి వంగాడు. తర్వాత, "ఆ రోజు తానులు ఏ చెక్క కింద పెట్టాం?" అన్నాడు.

మా ఆయన ముఖం మాడిపోయింది. "అది నీకు తెలుసు, నాకు తెలుసు, కస్టమ్స్ వాళ్ళకి తెలుసు."

"వాళ్ళకెలా తెలిసిందో అదే అడుగుతున్నా!"

"నేనూ అదే అడుగుతున్నా, ఇరవై ఏళ్ళ నుంచి!"

అంతా మళ్ళీ మొదటికొచ్చింది. గట్టు మీద బస్సులు ఖాళీ అయ్యాయి, తాళ్ళు విప్పుతున్నారు. ఓడ కూత వేసింది. పిల్ల పైన నాన్న చొక్కా పట్టుకుని లాగుతోంది. మా ఆయన పడవ అడుగునుంచి పాత తాడు, బుట్ట తీశాడు. చివరన సీసం ముడి ఉన్న తాడు. ఒకసారి విసిరాడు, అందలేదు. రెండోసారి విసిరాడు. తెల్ల టోపీ మనిషి ఒంటి చేత్తో పట్టుకుని, చూడకుండానే రైలింగు చుట్టూ ఒక మెలిక వేశాడు. హోటలు యజమానులెవరూ అలా మెలిక వేయలేరు. మా ఆయన నా వైపు చూశాడు, నేనూ చూశాను.

"నువ్వు శెహాతావైతే ఏదైనా పంపు, చూస్తాను!" అన్నాడు పైవాడు.

"నువ్వు మెత్వల్లీవైతే నీకు తెలుసుగా, ముందు పైనుంచి రావాలి!"

"పైనున్నవాళ్ళు ముందు పెట్టకూడదని నీకు తెలుసుగా!"

ఖాళీ బుట్ట ఇద్దరి మధ్యా ఊగుతోంది. ఓడ చాలా నెమ్మదిగా, జానెడు జానెడుగా గట్టు వదులుతోంది. ఇంక తిడదామని నోరు తెరిచాను, ఇద్దర్నీ, వాళ్ళ నాన్ననీ కలిపి. అప్పుడు మా ఆయన టోపీ తీసి పడవలో పడేశాడు. దీపానికి ఉంచుకున్న నూనె వేలికి రాసుకుని చెవికి పట్టించాడు. ఏళ్ళ తరబడి కదలని పోగు, చర్మం పట్టేసింది. పళ్ళు బిగించి మెలితిప్పాడు. నెత్తురు చుక్క వచ్చింది. "వద్దయ్యా" అన్నాను నేను, నిజంగా భయం వేసి. తిట్టడం సులువే, ఆ పోగు లేని శెహాతాని మాత్రం నేనెన్నడూ చూడలేదు. చూడటానికి ఎవరో పరాయి మనిషిలా ఉన్నాడు.

పోగుని బుట్టలో పెట్టాడు. "లాగరా" అన్నాడు.

బుట్ట పైకి వెళ్ళింది. తెల్ల టోపీ బుట్ట మీదికి వంగింది. మళ్ళీ లేవలేదు. ఓడ వేగం అందుకుంటోంది, తాడు బిగుస్తోంది, పడవ ముక్కు దాని వెంట లాక్కుపోతోంది. బదులు అందేదాకా బంబూటీ తాడు వదలడు, ప్రాణం మీదికొచ్చినా వదలడు. మా ఆయన వదిలేశాడు. తాడు నీళ్ళ మీద పాములా జరజరా పోయింది. పైనుంచి మెత్వల్లీ ఏదో అరిచాడు, కూతలో కలిసిపోయింది. ఓడ మలుపు తిరిగి సముద్రం వైపు వెళ్ళిపోయింది.

పడవ తిప్పుకుని వచ్చాం. గట్టు చేరాక, "ఏం అరిచాడంటావు?" అన్నాడు.

"అన్నయ్యా అనే అరిచి ఉంటాడు."

"లేక, ఇత్తడి కాదు కదా అని అడిగాడేమో."

మర్నాడు ఇల్లు కదల్లేదు. నా బలవంతం మీద రెండు ముద్దలు తిన్నాడు, అదీ నన్ను ముందు తినమని. చెయ్యి మాటిమాటికీ ఉత్త చెవి మీదికి పోతోంది. అమ్మేసి ఉంటాడన్నాడు. కాసేపాగి, పారేసి ఉంటాడన్నాడు. చావు తన పేరు విన్నదని, ఇప్పుడు గడియ కూడా లేదని, సోఫా మూలకి ఒదిగి కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక తలుపు తట్టారు. మగ గొంతు. "శెహాతా ఉన్నాడా?"

అలవాటు కొద్దీ నేను నమాజుకు వెళ్ళాడనబోయాను. మా ఆయన చెయ్యెత్తి ఆపాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వచ్చింది తమ్ముడో, కస్టమ్సో, ఇంకెవరో ఆయనకేం తెలుసు? అయినా లేచి నిలబడి, వీధి వీధంతా వినిపించేలా అరిచాడు: "ఉన్నాడు! బతికే ఉన్నాడు! శెహాతాని నేనే!"

తలుపు తీశాను. మెత్వల్లీ. అలెగ్జాండ్రియాలో ఓడ దిగి, పిల్లని వెంటబెట్టుకుని టాక్సీలో వచ్చాడు. చేతిలో మా బుట్ట. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి బుట్టని అన్న ముందుకు చాపాడు. అందులో పోగు ఉంది, పోగు కింద తన నల్ల కళ్ళద్దాలు ఉన్నాయి. "పైనుంచి" అన్నాడు. అంతే, ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని పిల్లల్లా ఏడ్చారు. సనియ్యా, నేను కూడా ఏడ్చాం, దాచుకోవడమెందుకు.

పోగు పెట్టింది తమ్ముడే. చెవి వాచి ఉంది, పెట్టేటప్పుడు మా ఆయన కెవ్వున అరిచాడు. ఆ తర్వాత ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు.

"ఆ రోజు చెప్పింది నేను కాదు" అన్నాడు మెత్వల్లీ.

"నేనూ కాదు" అన్నాడు శెహాతా.

మళ్ళీ మొదలవుతుందేమోనని నేను వచ్చి ఇద్దరి ముందూ నిలబడ్డాను.

"మరి ఆ సాయంత్రం పడవ దగ్గరికి కాఫీ తెచ్చిందెవడు?" అన్నాడు మెత్వల్లీ నెమ్మదిగా.

మా ఆయన కళ్ళు చికిలించాడు. "హసనైన్."

"నిన్న మా అమ్మాయికి మీ ఇంటి గుమ్మం దాకా గుర్తులు చెప్పిందెవడు?"

"హసనైన్!"

"చూశావా అన్నయ్యా."

"నేనెప్పుడో అనుకున్నానురా. వాడి కాఫీలో చింతగింజల పొడి కలుస్తోందని కూడా నా అనుమానం."

ఇద్దరూ మోకాలికి మోకాలు తగిలేలా జరిగి కూర్చున్నారు. తలలు దగ్గర పెట్టుకుని, గొంతు తగ్గించుకుని, పాపం హసనైన్ పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళలో మా ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు.

నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టాను. సనియ్యా వెనకాలే వచ్చి నిలబడింది. చక్కెర డబ్బా తీసి, ఆ పిల్ల కళ్ళలోకి చూశాను. ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు.